అట్టపెట్టెలో కోట ఉంది, పారేయకండి!



గత పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడటం అయిపోయాక ఒక తండ్రి కాస్త మొహమాటంగా ఇలా అడిగారు: "మేడమ్, మా వాడు బొమ్మ సైనికుల్ని టేబుల్ మీద పేర్చి, పాచికలు వేసి యుద్ధం ఆడుతున్నాడు. బొమ్మలు కొనిచ్చాం. ఇప్పుడు కోట కావాలట, కొండ కావాలట, చెట్లు కావాలట. ఆన్‌లైన్‌లో ధరలు చూస్తే కళ్లు తిరిగాయి. ఫీజు కట్టాలా, కోట కొనాలా?"

కోట కొనక్కర్లేదండీ, కట్టించండి అన్నాను. ఎలాగో అప్పుడు చెప్పేంత టైమ్ లేదు. ఇదే ప్రశ్న మరికొందరికీ ఉండవచ్చు కాబట్టి ఇక్కడ వివరంగా చెబుతున్నాను. హిస్టరీ ప్రాజెక్టు మోడల్స్ చేసేవారికీ ఇది పనికొస్తుంది.

ఇది ఏం ఆట?

దీన్ని మినియేచర్ వార్‌గేమ్ అంటారు. ఇందులో సైన్యాన్ని స్కేలుతో కొలిచి కదుపుతారు. గోడ చాటున ఉన్న సైనికుడికి దెబ్బ తగలడం కష్టం. వాగు దాటాలన్నా, కొండ ఎక్కాలన్నా నడక నెమ్మదిస్తుంది. అంటే టేబుల్ మీద కొండలు, గోడలు అలంకారం కోసం కాదు, ఆటలో సగం అవే. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో ఈ ఆట మీద 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాశారు. ఆయన కూడా మొదట్లో ఇంట్లో ఉన్న లావుపాటి పుస్తకాలు పేర్చే యుద్ధభూమి తయారు చేసుకున్నారు.

మనకూ ఇది కొత్తేమీ కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో మన అమ్మమ్మలు ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి పచ్చని పొలాలు చూపించలేదా? ఇదీ అలాంటి పనే.

ముందు కొలత, తర్వాతే కత్తెర

డబ్బు, శ్రమ ఎక్కువగా వృథా అయ్యేది కొలత చూసుకోకపోవడం వల్లే. ఈ ఆటలో బాగా వాడుకలో ఉన్న సైనికుడి బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే అసలు మనిషిలో దాదాపు 60వ వంతు. ఈ లెక్కన 6 మీటర్ల గోడ 10 సెంటీమీటర్లు అవుతుంది.

ఇప్పుడు గోల్కొండ కట్టాలనుకోండి. కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. 60తో భాగిస్తే 2 మీటర్లు! మీ ఇంటి తలుపంత ఎత్తు. కాబట్టి కోట మొత్తం కుదరదు. మరి ఏ భాగం కట్టాలి? దానికి చరిత్రే జవాబు చెబుతుంది. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లోపలివాళ్లే లంచానికి లొంగి ద్వారం తెరిచారు. అంటే కథంతా ద్వారం దగ్గరే ఉంది. ఒక ద్వారం, రెండు బురుజులు, ముందు కాస్త నేల చాలు. ఈ ఆలోచన మీరు చెప్పకండి, పిల్లల్నే చేయనివ్వండి. అసలు పాఠం అదే.

ఏ సామాన్లు, ఎక్కడ దొరుకుతాయి?

గోడలు: టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మకోల్, మందపాటి అట్ట. బురుజుకు నీళ్ల సీసా కింది భాగం కోసి బోర్లించండి.

రాళ్లు: కిరాణా కొట్టులో గుడ్లు పెట్టే కాగితపు ట్రే అడగండి. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి గోడకు అంటిస్తే ఆ గరుకుదనం అచ్చం రాతి కట్టడంలా ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇంత తక్కువలో ఇంత బాగా కుదిరే వస్తువు మరొకటి లేదు.

తలుపు: ఐస్‌క్రీం పుల్లలు పక్కపక్కనే అంటించండి. ఏనుగులు తలుపు బద్దలు కొట్టకుండా గోల్కొండ ఫతే దర్వాజాకు ఇనుప మేకులు బిగించారు. వాటి కోసం వరుసగా ఆవాలు అంటిస్తే సరి.

పెంకుటిళ్లు: అట్టపెట్టె ముక్కను తడిపి పైకాగితం ఒలిస్తే లోపల గాడులు కనిపిస్తాయి. ఎర్రమట్టి రంగు వేస్తే పెంకుల వరుసలే.

నేల: ముందు ఫెవికాల్ పూసి, జల్లించిన ఇసుక చల్లండి. వాడేసిన టీపొడి కూడా బాగుంటుంది. కానీ రెండు రోజులు ఎండలో పూర్తిగా ఎండాలి, లేకపోతే బూజు పడుతుంది. గడ్డి కోసం వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చి, ఆకుపచ్చ రంగు నీళ్లలో కలిపి ఆరబెట్టండి. ఎండుగడ్డికి కొబ్బరి పీచు ఉండనే ఉంది.

చెట్లు: కొమ్మలున్న ఎండుపుల్ల, దాని మీద పాత స్పాంజి తుంపులు.

పునాది: వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్క. అట్ట వాడితే రెండు వైపులా కాగితం అంటించండి. ఒకవైపే అంటిస్తే ఆరాక వంకర తిరుగుతుంది.

ఇక కొనాల్సినవి ఫెవికాల్, నాలుగు రంగులు, రెండు బ్రష్‌లు. నలుపు, తెలుపు, మట్టి రంగు, ఆకుపచ్చ ఉంటే మిగతావి కలుపుకోవచ్చు.

రంగులోనే ఉంది కిటుకు

రాతి గోడకు ఒకే బూడిద రంగు పూస్తే అట్టలాగే కనిపిస్తుంది. ముందు గోడంతా ముదురు రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత లేత బూడిద రంగులో బ్రష్ ముంచి, పాత గుడ్డ మీద దాదాపు రంగంతా తుడిచేసి, ఆ బ్రష్‌తో గోడను పైపైన రుద్దాలి. ఎత్తుగా ఉన్న చోట మాత్రమే రంగు అంటుకుంటుంది. సందుల్లో ముదురు రంగు నీడలా మిగిలిపోతుంది. పిల్లలు ఈ మార్పు చూసి కేరింతలు కొడతారు.

మూడు జాగ్రత్తలు

ఒకటి, థర్మకోల్ మీద స్ప్రే పెయింట్ నేరుగా కొట్టకూడదు. అందులోని ద్రావకం థర్మకోల్‌ను కరిగించేస్తుంది. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి రెండు పొరలు న్యూస్‌పేపర్ ముక్కలు అంటించి, ఆరాక నీటి రంగులు వేయండి.

రెండు, థర్మకోల్‌ను కాల్చిన సువ్వతో, అగరువత్తితో కోయనివ్వకండి. ఆ పొగ మంచిది కాదు.

మూడు, కట్టర్ పని మీ చేతిలో ఉండాలి. మిగతాదంతా పిల్లల చేతిలో ఉండాలి.

చివరగా, నా వైపు నుంచి ఒక మాట

టీచర్‌గా నా మొదటి ఏడాది ఇద్దరు పిల్లలు కోట మోడల్స్ తెచ్చారు. ఒకటి షాపులో చేయించింది, మెరిసిపోతోంది. రెండోది గోడ వంకర, రంగు కారిపోయింది. మెరిసినదానికే ఎక్కువ మార్కులు వేశాను. తర్వాత క్లాసులో ఆ కోటకు నాలుగు వైపులా బురుజులు ఎందుకున్నాయని అడిగితే మొదటి అబ్బాయి మౌనంగా ఉండిపోయాడు. గోడ వంకరగా కట్టిన అమ్మాయి లేచి, గోడ మూల తిరిగే చోట శత్రువు కనిపించడనీ, అందుకే బురుజు ముందుకు పొడుచుకుని వస్తుందనీ చెప్పింది. కట్టేటప్పుడు తనకే తెలిసిందట. మరుసటి ప్రాజెక్టుకు ఆ అమ్మాయి కూడా షాపులో కొన్న మోడలే తెచ్చింది. ఆ తప్పు పాపది కాదు, నాది.

అందుకే ఇప్పుడు నా క్లాసులో మోడల్ అందానికి మార్కులు లేవు. ఎలా కట్టారో, ఎందుకలా కట్టారో చెబితేనే మార్కులు. మీరూ నాకు సాయం చేయండి. గోడ కాస్త వంకరగా వచ్చినా సరిచేయకుండా వదిలేయండి. ఈ ఆదివారం ఇంట్లో ఒక అట్టపెట్టె పక్కన పెట్టి, "ఇందులో ఏం కడదాం?" అని మీ పిల్లల్ని అడిగి చూడండి.