రాయలేని చేతికీ ఒక కొలత ఉంది

చేయి పైకి బాగానే కనిపిస్తుంది. వాపు లేదు, వంకర లేదు. కానీ పరీక్షలో అరగంట గడిచేసరికి వేళ్లు బిగుసుకుపోయి, తెలిసిన జవాబు కూడా రాయలేక లేచి వచ్చేస్తారు కొందరు పిల్లలు. ఇంట్లో బద్ధకమంటారు, బడిలో సాకంటారు. పలాసలో జీడిపప్పు పొట్టు తీయడమైనా, ఉద్దానంలో కొబ్బరికాయలు మోయడమైనా భారమంతా చేతుల మీదే గనుక ఈ సంగతి మనకు దూరమైనది కాదు.

ఈ ఇబ్బందిని అంకెలో చెప్పడానికి ‘డాష్’ అనే ప్రశ్నావళి ఉంది. టొరంటోలోని ఒక పరిశోధన సంస్థ, అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ కలిసి 1996లో వెలువరించాయి. భుజం నుంచి వేళ్ల దాకా మొత్తాన్ని ఒకటిగా చూస్తుంది. ప్రశ్నలు 30. గత వారంలో రాయగలిగారా, బిగుసుకున్న మూత తీయగలిగారా, తాళం తిప్పగలిగారా, నొప్పితో నిద్ర చెడిందా అని అడుగుతుంది. ఏ చేత్తో చేశారన్నది పట్టించుకోదు, పని అయిందా అన్నదే ముఖ్యం. ఇబ్బంది పెరిగేకొద్దీ 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. సగటులోంచి ఒకటి తీసేసి 25తో గుణిస్తే స్కోరు. మొత్తం 75 వస్తే సగటు 2.5, స్కోరు 37.5. సున్నా అంటే ఇబ్బంది లేదు, 100 అంటే పూర్తిగా ఉంది. మూడుకు మించి ప్రశ్నలు వదిలేస్తే లెక్క చెల్లదు. 11 ప్రశ్నల చిన్న రూపం కూడా ఉంది.

అందులో పెద్దవాళ్ల ఇంటిపనులే ఎక్కువ. మూడు గంటలు రాయడం, వుజూ చేసుకోవడం, సజ్దాలో అరచేతులు ఆనించడం వంటివి విడి కాగితం మీద రాసుకోండి. స్కోరులో కలపకండి.

ఈ స్కోరు వికలాంగ ధ్రువపత్రం కాదు. 2016 చట్టం కింద రిజర్వేషన్ల వంటి వాటికి 40 శాతం వైకల్యం కావాలి. అయితే రాసేటప్పుడు చేయి కొంకర్లు పోయే వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థి కేసులో, రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వడానికి ఆ 40 శాతం అడగకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తీర్పు చెప్పింది. దాని మీదట కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. అర్హులకు సహాయకుడు, లేదా గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం. ప్రభుత్వ వైద్యాధికారుల ధ్రువపత్రం మాత్రం తప్పదు. డాక్టరు దగ్గర పిల్లవాడు బిడియంతో మాట్లాడకపోయినా, నింపిన ప్రశ్నావళి చేతిలో ఉంటే విషయం తెలుస్తుంది. హాల్ టికెట్లు వచ్చాక కాదు, పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టాలి.