పసుపు మెరుపు కింద కణితి

అరుదైన రంగు కోసం పుట్టించిన పెంపుడు బల్లికి ఆ రంగే జబ్బు. రాజధాని ప్రాంతంలో ఈ మోజు పెరుగుతున్నా, ఆ విషయం అడిగే నిబంధన లేదు

మీద పడితే పంచాంగం తీసి ఫలితం చూసుకునే జీవిని గాజు పెట్టెలో పెట్టి, అడుగున హీటరు అమర్చి, ముద్దు పేరుతో పిలవడం తెలుగువారికి వింతగా తోచవచ్చు. గుర్‌గావ్, నోయిడా, దక్షిణ ఢిల్లీ అపార్టుమెంట్లలో మాత్రం ఇది అంత వింతేమీ కాదు. కుక్కను తిప్పే తీరిక లేనివారికి లెపర్డ్ గెకో అనే జానెడు బల్లి అనువుగా దొరికింది. అరవదు, పెద్దగా కరవదు. మన ఇంటి బల్లిలా కాలివేళ్ల కింద అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గోడలెక్కి పారిపోదు. పైగా కనురెప్పలున్నాయి. హాయిగా కళ్లు మూసుకుని నిద్రపోతుంది. తిండి లేని రోజుల కోసం లావుపాటి తోకలో కొవ్వు దాచుకుంటుంది. సరిగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది.

దాని అసలు రంగు పసుపు మీద నల్లమచ్చలు. పిల్లగా ఉన్నప్పుడు పట్టీలుంటాయి, పెరిగేకొద్దీ అవి విడిపోయి చుక్కలవుతాయి. అయితే కొనేవాళ్లు అడిగేది ఈ రంగు కాదు. టాంజరీన్, బ్లిజార్డ్, మాక్ స్నో, రాప్టర్... ఐస్‌క్రీం దుకాణంలో పట్టికలా ఉండే ఈ పేర్లన్నీ 'మార్ఫ్'లవి. అంటే జన్యువుల్లో ఎక్కడో వచ్చిన మార్పును పట్టుకుని, తరతరాలుగా జతకట్టించి స్థిరపరచిన రంగులు. మచ్చలే లేనివి, మంచు తెలుపువి, ఎర్ర కళ్లవి ఇలా వచ్చినవే. తెల్లబారిన అల్బినోల్లోనే మూడు వేర్వేరు వంశాలున్నాయి. ఒక వంశాన్ని ఇంకో వంశంతో కలిపితే పుట్టే పిల్లలు మామూలు రంగులోనే ఉంటాయి. గుడ్లను పొదిగే వేడి కూడా రంగును కొంత మారుస్తుంది. పిల్ల ఆడదో మగదో తేల్చేదీ ఆ వేడే.

ఇంతవరకు ఇది సరదా శాస్త్రమే. కథ మలుపు తిరిగింది 'లెమన్ ఫ్రాస్ట్' దగ్గర. నిమ్మపండు పసుపు, దాని వెనుక నుంచి మెరిసే తెలుపు గల ఈ రకం 2015 ప్రాంతంలో అమెరికాలో సంచలనం. కాలిఫోర్నియాలోని ఒక పెంపకందారు దాన్ని వేలంలో కొని పిల్లలను పుట్టించారు. కొన్నాళ్లకు ఆ పిల్లల చర్మం మీద తెల్లని గడ్డలు లేచాయి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లాంగ్వా గువో, లియోనిడ్ క్రుగ్లియాక్ బృందం ఆ బల్లుల జన్యువులను వెతికి, 2021లో 'ప్లాస్ జెనెటిక్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. మార్పు ఉన్న చోటు స్పింట్1 అనే జన్యువు. మనుషుల్లో ప్రాణాంతకమైన చర్మ క్యాన్సర్ మెలనోమాతోనూ ఈ జన్యువుకు సంబంధముంది.

బల్లి చర్మంలో పసుపునిచ్చే కణాలు, నలుపునిచ్చే కణాలు, వెలుగును తిప్పికొట్టి తెల్లగా మెరిసే కణాలు ఉంటాయి. లెమన్ ఫ్రాస్ట్‌లో ఈ మూడో రకం అదుపు తప్పి పెరుగుతుంది. జనం ముచ్చటపడిన మెరుపు అదే, కణితీ అదే. ఈ రకం బల్లుల్లో 80 శాతానికి పైగా ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసులోపు కణితులు వస్తున్నాయని ఆ బృందం తేల్చింది. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఈ మార్పు ఉంటే చాలు, పిల్లల్లో దాదాపు సగానికి అంటుతుంది. ఇద్దరి నుంచీ వస్తే చర్మమే దళసరిగా మారుతుంది. రోగాన్ని ఉంచి రంగును తీసేయడానికి గానీ, రంగును ఉంచి రోగాన్ని తీసేయడానికి గానీ వీల్లేదు. ఆ పెంపకందారు చివరికి ఈ రకం పెంపకం మానుకున్నారు. కానీ అప్పటికే అమ్మిన బల్లుల సంతానాన్ని వెనక్కి పిలిచేదెవరు? 'ఎనిగ్మా' అనే మరో రకానిది వేరే అవస్థ. తల ఒక పక్కకు వాలి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ, ఎదురుగా ఉన్న పురుగును కూడా గురి చూసి పట్టలేదు.

మరి ఢిల్లీలో కొనేవాళ్లకు ఇదంతా చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? 2018 నాటి పెట్ షాప్ నిబంధనలు పెంపుడు జంతువులంటూ కుక్క, పిల్లి, కుందేలు, గినీపిగ్, హామ్‌స్టర్, ఎలుక జాతి, పంజరపు పక్షుల పేర్లు చెప్పాయి. బల్లి ఊసే లేదు. ఇక విదేశీ జీవుల సంగతి. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్‌లో స్వచ్ఛంద ప్రకటనకు అవకాశమిచ్చింది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించింది. 2024 ఫిబ్రవరిలో నమోదు నిబంధనలు తెచ్చి, పరివేశ్ పోర్టల్‌లో వివరాలివ్వడానికి ఆరు నెలలు గడువు పెట్టింది. అవి అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం 'సైటీస్' పట్టికల్లోని జీవుల కోసం. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికిచ్చారు, పుట్టిందా, చచ్చిందా అని అడుగుతాయి. ఆ రంగు ఎలా వచ్చిందని అడగవు. పైగా నోయిడా బల్లి ఉత్తరప్రదేశ్ అధికారిది, గుర్‌గావ్ బల్లి హర్యానా అధికారిది, మధ్యలోది ఢిల్లీ అధికారిది.

పట్టికలో పేరున్నా లేకున్నా, లైసెన్సు, క్వారంటైన్ పత్రాలు లేకుండా బతికున్న జంతువును దేశంలోకి తేవడం నేరమే. అయినా 2025 ఫిబ్రవరిలో ఇందిరాగాంధీ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి దిగిన ముగ్గురు ప్రయాణికుల సామానులో పాములతోపాటు బియర్డెడ్ డ్రాగన్లు, క్రెస్టెడ్ గెకోలు బయటపడ్డాయి. ఇవీ రంగుల వైవిధ్యం కోసం ప్రపంచమంతా పెంచే బల్లులే. లెపర్డ్ గెకో విషయంలో ఇంకో తమాషా ఉంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటర్ ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో ఈ జాతిని వర్ణించింది పంజాబ్ ఉప్పు కొండల నుంచి వచ్చిన నమూనాతో. ఢిల్లీకి ఆ కొండలు ఆరేడు వందల కిలోమీటర్లు మించవు. అక్కడి బల్లి అమెరికా, యూరప్ వెళ్లి, అక్కడ కొత్త రంగులద్దుకుని మళ్లీ ఈ చుట్టుపక్కలకే వచ్చింది.

కొత్త రంగు మీద ఆకలి గాజు పెట్టెలతో ఆగితే అదొక రకం. ఇదే కుటుంబానికి చెందిన గుహ బల్లి గోనియూరోసారస్ లూయీని చైనాలో 1999లో శాస్త్రవేత్తలు వర్ణించగానే వేటగాళ్లు ఆ చోటికి చేరుకున్నారు. కొన్నేళ్లకే ఆ బల్లి మొదట దొరికిన చోట లేకుండా పోయింది. మనకూ ఇలాంటి బల్లి ఒకటుంది. 2022లో జీషాన్ మిర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ విశాఖపట్నం ప్రాంతపు నమూనా ఆధారంగా 'యూబ్లెఫారిస్ పిక్టస్' అనే కొత్త జాతిని ప్రకటించారు. పిక్టస్ అంటే రంగులు వేసినది. ముదురు గోధుమ ఒంటి మీద లేత పసుపు పట్టీ. తూర్పు కనుమల్లో రాత్రిపూట కాలిబాటల వెంట తిరుగుతుంది. విషపు బల్లి అనుకుని జనం చంపేస్తుంటారు, నిజానికి దానికి విషం లేదు. ఈ ప్రజాతి మొత్తాన్నీ సైటీస్ రెండో పట్టికలో చేర్చాలని ఆ శాస్త్రవేత్తలు తమ వ్యాసంలోనే కోరారు. వాళ్ల భయం పెంపుడు జంతువుల బజారు గురించే.