పైథాన్‌లో = దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తోందా? అసలు కారణం ఇదే

ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 యాప్ వేసుకుని పైథాన్ మొదలుపెట్టిన మా వరంగల్ బీటెక్ జూనియర్లు నాకు వాట్సాప్‌లో ఎర్రర్ స్క్రీన్‌షాట్లు పంపుతుంటారు. చాలావాటిలో గొడవ ఒకటే: = గుర్తు. నాలుగు రోజులు ఇలాగే అయితే "కోడింగ్ మనకి రాదులే" అని యాప్ తీసేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి లోపం తెలివిలో లేదు, స్కూల్ మ్యాథ్స్ అలవాటులో ఉంది.

= అంటే సమానం కాదు

మ్యాథ్స్‌లో = కి అటూ ఇటూ మార్చి రాసినా ఒకటే. పైథాన్‌లో మాత్రం అది ఒక ఆర్డర్: "కుడివైపు విలువని ఎడమవైపు పేరుకి ఇవ్వు". దీన్నే అసైన్‌మెంట్ అంటారు. అందుకే

మార్కులు = మార్కులు + 5

అనేది మ్యాథ్స్‌లో తప్పు, ఇక్కడ కరెక్ట్. పాత మార్కులకి 5 కలిపి మళ్లీ అదే పేరుకి ఇస్తుంది. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనూ పెట్టొచ్చు, ట్రై చేయండి.)

తరచూ వచ్చే మూడు ఎర్రర్లు

1. 35 = మార్కులు
ఎడమవైపు పేరు ఉండాలి. 35 అనేది విలువ, దానికి ఇంకో విలువ ఇవ్వలేం.

2. మొత్తం మార్కులు = 35
పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. మొత్తం_మార్కులు అని రాయండి.

3. ఇఫ్ కండిషన్‌లో మార్కులు = 35
ఇక్కడ మీరు అడుగుతున్నది ప్రశ్న. ప్రశ్నకి == వాడాలి.

ఎర్రర్ రావడమే మంచిది!

మూడో తప్పు సి లాంగ్వేజ్‌లో చేస్తే ఎర్రర్ రాదు. మార్కులు 35గా మారిపోయి, కండిషన్ ఎప్పుడూ నిజమే అవుతుంది. మహా అయితే కంపైలర్ ఒక వార్నింగ్ ఇస్తుంది. 2003లో లినక్స్ కెర్నల్ కోడ్ కాపీ ఒకదానిలో ఎవరో కావాలనే == ఉండాల్సిన చోట = పెట్టారు. ఆ లైన్ రన్ అయితే యూజర్ ఐడీ 0 అవుతుంది, అంటే మామూలు యూజర్‌కి రూట్ పవర్ వచ్చేసినట్టే! అసలు కెర్నల్‌లోకి చేరకముందే డెవలపర్లు పట్టేశారు. పైథాన్ అయితే అలాంటి లైన్‌ని రన్ కూడా చేయనివ్వదు.

కాబట్టి ఎర్రర్ వస్తే భయపడకుండా చివరి లైన్ చదవండి. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి "బహుశా మీ ఉద్దేశం == ఏమో" అనే అర్థంలో హింట్ కూడా ఇస్తుంది. = కనిపిస్తే "ఇవ్వు" అని, == కనిపిస్తే "సమానమా?" అని పైకి చదివి చూడండి. తప్పు మీకే దొరుకుతుంది.