పాత ట్రక్కు, ఎర్ర నూనె, ఒక భయం

టెక్సాస్‌కి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మనవాళ్లు మామూలుగా కొనేది పాత కరోలానో, సివిక్కో. మేం ముగ్గురు రూమ్మేట్లం చందాలేసుకుని కొన్నది మాత్రం 2002 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్పు. ధర 2,800 డాలర్లు, తిరిగింది 1,48,000 మైళ్లు. మా అపార్ట్‌మెంట్లలో ఎవరు గది మారినా వాళ్ల మంచాలూ పరుపులూ దీంట్లోనే వెళ్తాయి. బండి బాగానే నడుస్తోంది. కానీ గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద తుడిస్తే, ఎర్రగా ఉండాల్సిన నూనె బెల్లం పాకం రంగులో ఉంది. ఎప్పుడైనా మార్చారో లేదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

మార్చాలా, వద్దా? ఇదేం ప్రశ్న అంటారేమో. ఇక్కడ పాత బళ్లు వాడేవాళ్ల మధ్య ఒక గట్టి నమ్మకం ఉంది: ఏళ్ల తరబడి మార్చని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెని ముట్టుకోవద్దు, మారిస్తే నెల తిరక్కుండా గేర్‌బాక్స్ పోతుంది అని. దాన్ని విప్పి మళ్లీ కట్టించాలంటే మేం బండికి పెట్టినంత పెట్టాలి. అంటే గేర్‌బాక్స్ పోతే మాకు బండి పోయినట్టే.

మా నాన్న సూర్యాపేటలో లారీ డ్రైవర్. ఫోన్ చేసి అడిగితే, "నూనె నల్లగైనంక మార్చుడే కదరా, అండ్ల అడుగుడేంది?" అన్నాడు. ఎర్రగా, నీళ్లలాగా పల్చగా ఉంటుంది నాన్నా అంటే నమ్మలేదు. "గేరాయిల్ ఎర్రగుంటదా? తేనె లెక్క సాగాలె గని" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర లారీల్లో, బొలేరో పికప్పుల్లో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్స్. అందులో పోసే తొంభై నంబర్ నూనెకి పళ్ల మధ్య అరుగుదల ఆపడమే ముఖ్యమైన పని. 2014లో మారుతి సెలెరియోతో మన రోడ్ల మీదికొచ్చిన ఏఎంటీ కూడా లోపల మాన్యువలే, క్లచ్చు తొక్కే కాలి బదులు ఒక యంత్రం ఉంటుందంతే. మా ట్రక్కులో ఉన్నది వేరే జాతి.

మెకానికల్ వాళ్లకి తెలిసిందే, మిగతా బ్రాంచీల వాళ్ల కోసం చెప్తున్నా. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అని డోనట్ ఆకారంలో ఒక డబ్బా ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, ఇక్కడ గాలి బదులు నూనె. సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి ఆగినా ఇంజన్ ఆగిపోకపోవడానికి కారణం ఇదే. దాని వెనక ప్లానెటరీ గేర్లు. వాటిలో ఏ చక్రాన్ని పట్టుకుంటాం, దేన్ని వదులుతాం అన్నదాన్ని బట్టి గేరు మారుతుంది. పట్టుకునేవి క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు. వాటిని నొక్కేది కూడా నూనె ఒత్తిడే.

అంటే ఈ ఒక్క నూనె శక్తిని మోయాలి, ప్లేట్లని నొక్కాలి, బేరింగుల్ని తడపాలి, వేడిని రేడియేటర్ దాకా తీసుకెళ్లాలి. వీటన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటుంది. జారుడుగా ఉంటూనే క్లచ్ ప్లేట్లు పట్టుకునేటప్పుడు సరైన రాపిడి ఇవ్వాలి. మరీ జారితే ప్లేట్లు కాలిపోతాయి, మరీ పట్టేస్తే ప్రతి గేరుకీ కుదుపు. ఈ బ్యాలెన్స్ కోసం ఒకప్పుడు తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? 1970ల మొదట్లో అమెరికా దాని వాడకం ఆపించాక కంపెనీలు రసాయనాలతో ప్రత్యామ్నాయాలు వెతుక్కున్నాయి. ఆ కలిపిన రసాయనాలే వేడికి ముందు అరిగిపోయేది. ఆక్సీకరణ వేగం వేడితో ఎలా పెరుగుతుందో ఫస్టియర్ కెమిస్ట్రీలో అర్హీనియస్ పేరుతో బట్టీ కొట్టాం కదా, అది ఇక్కడ పనికొస్తుందని అప్పుడెవరూ చెప్పలేదు!

ఇప్పుడు ఆ భయం సంగతి. అందులో నిజం లేకపోలేదు. ప్లేట్ల మీది పొర అప్పటికే అరిగిపోయి ఉంటే, పాత నూనెలో తేలే ఆ పొడే ఎంతో కొంత పట్టు ఇస్తుందని చాలామంది మెకానిక్కులు అంటారు. కొత్త నూనెలో శుభ్రం చేసే గుణం ఎక్కువ కాబట్టి, ఎక్కడో పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల సన్నటి దారుల్లో ఇరుక్కోవచ్చు. యంత్రం పెట్టి ఒత్తిడితో మొత్తం ఒకేసారి కడిగే పద్ధతిలో ఈ ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం. కానీ ఈ కథల్లో ఒక లెక్క ఎవరూ చూడరు. జనం నూనె మార్పించేది ఎప్పుడు? గేర్లు జారడం మొదలయ్యాక. అప్పటికే చావుబతుకుల్లో ఉన్న గేర్‌బాక్స్ తర్వాత నెలలో పోతే నింద కొత్త నూనె మీద పడుతుంది. ఐసీయూలో చేరినవాళ్లే ఎక్కువ చనిపోతున్నారు కాబట్టి ఐసీయూ ప్రమాదకరం అన్నట్టుంది. మా బండి గేర్లు జారడం లేదు, నూనెకి మాడు వాసన లేదు. రంగు మాత్రమే మారింది. కాబట్టి మారుద్దాం, కానీ కొంచెం కొంచెంగా, అని తేల్చుకున్నాం.

మా బండిలో ఉన్న గేర్‌బాక్స్ పేరు 4ఆర్70డబ్ల్యూ, దీనికి మెర్కాన్ ఫైవ్ నూనె. షాపులో ఎర్రగా ఉన్న డబ్బాలన్నీ ఒకటి కావు. ఎర్ర రంగు లీకైతే ఇంజనాయిల్‌తో కలిపి పొరబడకుండా వేసే అద్దకం మాత్రమే. మాన్యువల్‌లో ఏం రాశారో అదే కొనాలి. నూనె, ఫిల్టరు, గాస్కెట్ కలిపి నూరు డాలర్ల లోపే అయింది.

బండిని జాక్ మీద వదిలేసి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే పని మొదలెట్టాలి. ఈ పాన్‌కి డ్రెయిన్ బోల్ట్ ఉండదు, చుట్టూ ఉన్న బోల్టులు పదో నంబర్ సాకెట్‌తో విప్పి పాన్‌నే దించాలి. ఒక మూల బోల్టులు చివరిదాకా ఉంచి, ఎదురు మూల నుంచి వదులు చేస్తూ వస్తే నూనె అటువైపే ధారగా పడుతుంది. "అన్నా, అన్నీ ఒకేసారి విప్పేద్దామా?" అని మా గుంటూరు తమ్ముడు అడిగాడు. అలా విప్పితే నూనెతో తలంటు పోసుకున్నట్టే.

పాన్ దించాక అసలు సమాధానం దొరికింది. అడుగున ఉన్న అయస్కాంతానికి బూడిద రంగు గుజ్జు అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా, కాటుకలా ఉంది. ఇన్ని మైళ్లకి అది మామూలే. గరగరలాడే లోహపు రవ్వలు, నల్లటి పెచ్చులు కనిపించి ఉంటే కొత్త నూనె డబ్బులు కూడా దండగయ్యేవి. ఇంకొకటి కూడా దొరికింది: పాన్‌లో పడి ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ బిరడా. ఏదో విరిగి పడిందని తమ్ముడు కంగారుపడ్డాడు. అదేం కాదు. ఫ్యాక్టరీలో డిప్‌స్టిక్ గొట్టం బిగించే ముందు ఆ రంధ్రంలోకి దుమ్ము పోకుండా పెట్టే బిరడా అది. గొట్టం పెట్టేటప్పుడు లోపలికి తోసేస్తారు, అది పాన్‌లోనే ఉండిపోతుంది. మొదటిసారి పాన్ దించినవాళ్లు తీసి పారేస్తారు. అంటే బండి పుట్టినప్పటి నుంచి ఈ పాన్ ఎవరూ దించలేదు. మాకు దొరకని సర్వీస్ కాగితం అదే.

ఫిల్టర్‌ని కిందికి లాగితే వచ్చేస్తుంది. దాని రబ్బరు సీలు మాత్రం ఒక్కోసారి పైన రంధ్రంలోనే ఉండిపోతుంది. టార్చి వేసి చూసి తియ్యాలి. లేకపోతే కొత్త సీలు సరిగ్గా కూర్చోక పంపు నూనెకి బదులు గాలి పీలుస్తుంది. పాన్ బోల్టులు పన్నెండు, పధ్నాలుగు న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. బలం చూపిస్తే పాన్ అంచు వంకరపోయి లీకవుతుంది.

ఇక లెక్క. గేర్‌బాక్స్‌లో మొత్తం నూనె దాదాపు 14 క్వార్టులు, అంటే 13 లీటర్ల పైమాట. పాన్ దించితే వచ్చేది సుమారు 5. మిగతాది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే 36 శాతం కొత్తది, రెండోసారికి 59, మూడోసారికి 73. ప్రతిసారీ కొత్తదాంట్లో కొంత కూడా పోతుంది కాబట్టి నూటికి నూరు ఎప్పటికీ రాదు. మాకు 73 చాలు.

డిప్‌స్టిక్ గొట్టంలోంచే గరాటుతో పొయ్యాలి. ముందు నాలుగు పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలు పెట్టి అన్ని గేర్లలోనూ కొన్ని సెకన్లు ఉంచి, మళ్లీ పార్క్‌లోకి తేవాలి. ఇంజనాయిల్ ఇంజన్ ఆపి చూస్తాం. ఈ గేర్‌బాక్స్‌లో మాత్రం ఇంజన్ నడుస్తుండగా, ఓ ఇరవై నిమిషాలు తిరిగొచ్చి నూనె వేడెక్కాకే మట్టం చూడాలి. ఎక్కువ పోసినా ప్రమాదమే. తిరిగే భాగాలు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తాయి, నురగ నొక్కుకుపోతుంది కాబట్టి ప్లేట్లకి ఒత్తిడి అందదు. మేం మొత్తం నాలుగున్నర క్వార్టులు పోశాక గీత దగ్గర ఆగింది.

పాత నూనెని ఖాళీ పాల క్యాన్లలో నింపి ఆటో పార్ట్స్ షాపులో ఇచ్చేశాం, ఇక్కడ ఊరికే తీసుకుంటారు. నెలన్నర అయింది, రెండు ఇళ్ల సామాన్లు మోసింది, గేర్లు ఎప్పటిలాగే పడుతున్నాయి. డిప్‌స్టిక్ మీద రంగు ఇప్పుడు దానిమ్మ రసానికీ టీ డికాక్షన్‌కీ మధ్య ఉంది. రెండో విడతకి పాన్ దించం, డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్న పైపు దించి చేతిపంపుతో లాగేస్తాం. నాన్నకి ఫోటో పంపితే ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎర్రగుంటే బ్రేక్ ఆయిలేమో, మల్లొకసారి డబ్బా చూడు" అంటున్నాడు.