నీలి కళ్ళ గువ్వ

గువ్వ మనందరికీ తెలిసిన పిట్ట. కళ్ళంలో గింజలు ఏరుకుంటుంది. అలికిడైతే తుర్రున ఎగిరిపోతుంది. గువ్వల్లో చాలా రకాలు ఉన్నాయి. ఒక రకం గువ్వకు కళ్ళు నీలంగా ఉంటాయి. అది మన దేశంలో లేదు. దక్షిణ అమెరికాలో బ్రెజిల్ అనే దేశం ఉంది. ఈ గువ్వ ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఎలా ఉంటుంది?

ఇది చిన్న పిట్ట. ముక్కు నుంచి తోక దాకా కొలిస్తే జానెడు కూడా ఉండదు. తల, రొమ్ము ఇటుక రంగు. రెక్కల మీద ముదురు నీలం చుక్కలు మెరుస్తుంటాయి. కళ్ళు కూడా నీలమే. ఆడపిట్ట రంగు కాస్త వెలిసినట్టు ఉంటుంది.

ఎక్కడ ఉంటుంది?

బ్రెజిల్‌లో దట్టమైన అడవులు ఉన్నాయి. ఈ గువ్వ వాటిలో ఉండదు. సెరాడో అనే గడ్డి నేలల్లో ఉంటుంది. అక్కడ గడ్డి, తుప్పలు, వంకర తిరిగిన పొట్టి చెట్లు ఉంటాయి. ఈ గువ్వ తిరిగే చోట రాళ్ళు, తెల్లటి ఇసుక కూడా ఉంటాయి.

ఎందుకు తగ్గిపోయింది?

సెరాడో చాలా పెద్దది. మన దేశంలో సగం కన్నా ఎక్కువే ఉంటుంది. కానీ చూడటానికి బీడులా ఉంటుంది. "బీడే కదా" అని దున్నేశారు. సోయా పంట వేశారు. పశువులకు మేత గడ్డి పెంచారు. జామాయిల్ తోటలు వేశారు. ఇలా దాదాపు సగం సెరాడో పోయింది. గువ్వకు నిలువ నీడ లేకుండా పోయింది.

1941 తరువాత ఈ గువ్వ ఉందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఇక లేదేమో అనుకున్నారు.

మళ్ళీ ఎలా దొరికింది?

రఫేల్ బెస్సా పక్షులను పరిశీలించే మనిషి. 2015లో ఆయన బోటుమిరిం అనే చోటికి వెళ్ళాడు. అక్కడ ఒక కొత్త కూత వినిపించింది. ఆ కూతను రికార్డు చేశాడు. దాన్ని తిరిగి వినిపించాడు. ఆ కూత విని పిట్ట వచ్చింది. ఫోటో తీసి చూస్తే నీలి కళ్ళు! అప్పుడు లెక్కపెడితే 12 గువ్వలు కనిపించాయి.

పిట్ట బతకాలంటే దాని నేల ఉండాలి. అందుకే పక్షుల సంరక్షణ సంస్థలు 2018లో అక్కడ 1400 ఎకరాలకు పైగా కొన్నాయి. అదే ఏడాది ప్రభుత్వం కూడా అక్కడ ఒక పెద్ద రక్షిత వనం ఏర్పాటు చేసింది. అయినా ఈ గువ్వలు ఇప్పటికీ కొద్దిగానే ఉన్నాయి.

మనకు బీడుగా కనిపించే నేల ఒక పిట్టకు ఇల్లు. మన ఊరి బీడులో ఏయే పిట్టలు ఉన్నాయి? చూసి, వాటి పేర్లు రాయండి.