బర్మాలో కోరంగీలు, స్వదేశంలో బర్మావాళ్ళు!
చేతిలోని వంటనే పెట్టుబడిగా పెట్టి నిలదొక్కుకున్న కుటుంబాలు

సింహాచలం: అప్పన్న కొండ దిగి గోపాలపట్నం, ఎన్‌ఏడీ కూడలి, మర్రిపాలెం మీదుగా నగరంలోకి వెళ్ళే యాత్రికులకు కంచరపాలెం ప్రాంతంలో 'బర్మా క్యాంపు' అనే పేరు వినబడుతుంది. సాయంకాలమయ్యేసరికి అక్కడ వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి వాసన దారిన పోయేవారిని ఆపుతుంది. అక్కడి ప్రత్యేక వంటకం పేరు 'ఖావ్‌స్వే'. మొదటిసారి చూసినవారు అది చైనా నూడుల్స్ అనుకుంటారు. కాని అది బర్మా వంట. దానిని ఇక్కడికి తెచ్చినవారు మాత్రం బర్మీయులు కారు, అచ్చమైన తెలుగువారు. వారి తాతముత్తాతలు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి సముద్రం దాటి వెళ్ళినవారు.

రంగం పోయిన రోజులు

బ్రిటిష్ పాలనలో విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగూన్ వెళ్ళేవి. మన పల్లెల్లో రంగూన్‌ను 'రంగం' అనేవారు. కరువు వచ్చినా, అప్పు తీరకపోయినా రంగం పోవడమే దారి. మేస్త్రీలు ఊరూరా తిరిగి, ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి కూలీలను తీసుకుపోయేవారు. అప్పలస్వామి, సింహాద్రి, అప్పన్న వంటి పేర్లు గలవారు రంగూన్ రేవులో బస్తాలు మోశారు. ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి సుమారు 4 లక్షల మంది ఉన్న రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

కోరంగి రేవు పేరు మీదుగా అక్కడి తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. ఆ పిలుపులో ఆదరణ కన్నా చులకనే ఎక్కువ. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు వేతనాల కోసం సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిశాక ఆ కొత్తవారిని తొలగించి పాతవారిని తీసుకోవడంతో ఘర్షణలు చెలరేగాయి. వందమందికి పైగా మరణించారు. పొట్టకూటికి వచ్చిన ఇరుపక్షాల పేదలే బలయ్యారు.

రెండుసార్లు పోయిన గూడు

1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం బాట పట్టారు. దారిలో రోగాలతో, ఆకలితో వేలమంది కన్నుమూశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. అంటే ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారిని ఇక్కడ కూడా ఆ యుద్ధమే ఎదుర్కొంది.

యుద్ధం ముగిశాక కొందరు మళ్ళీ వెళ్ళారు. వెళ్ళకుండా అక్కడే ఉండిపోయినవారూ ఉన్నారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. అదే ఏడాది మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఒక్క రోజులో చిత్తుకాగితమైంది. వెళ్ళిపోయేవారు నగలు, నగదు వెంట తీసుకుపోవడానికి కూడా కఠినమైన పరిమితులు పెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో లక్షన్నరకు పైగా భారతీయులు దేశం వదిలారు. కాందిశీకుల నౌకలు మద్రాసు, విశాఖపట్నం రేవులకు చేరాయి. విశాఖలో వారికి చూపిన చోటే బర్మా క్యాంపుగా స్థిరపడింది.

సుంకం పడని సరుకు

పెట్టెలో తెచ్చుకోనివ్వనిది పోయింది. చేతిలో ఉన్న పనితనం మాత్రం మిగిలింది. బర్మా మాటలో 'ఖావ్‌స్వే' అంటే నూడుల్స్. ఉడికించిన నూడుల్స్ మీద శనగపిండి కలిపి చిక్కగా కాచిన పులుసు పోస్తారు. పైన వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కారం, కొత్తిమీర చల్లి నిమ్మరసం పిండుతారు. గుడ్డో, కోడిమాంసమో జతచేస్తారు. బర్మాలో పులుసులోకి కొబ్బరిపాలు కూడా పోస్తారు. 'మొహింగా' అనే మరో వంటలో చేపల పులుసు, అరటిదూట వాడతారు. దూటకూర ఎరిగిన మన వారికి ఇది మరీ పరాయి రుచి కాదు.

ఈ వ్యాపారానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు, ఒక తోపుడుబండి ఉంటే చాలు. పైకి కనిపించేది సాయంకాలపు అమ్మకమే. ఉల్లి తరగడం, వేయించడం, పులుసు కాచడం వంటివన్నీ అంతకు ముందే ఇంట్లో పూర్తికావాలి. ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తేనే బండి కదులుతుంది. సరుకు మిగిలితే మర్నాటికి పనికిరాదు గనుక, వాన పడిన రోజు నష్టం నేరుగా ఇంటి మీద పడుతుంది.

మద్రాసులో దిగినవారు కూడా ఇదే దారి పట్టారు. అక్కడి బర్మా బజారు పరిసరాల్లో 'అత్తో' అనే నూడుల్స్ బండ్లు పేరుపొందాయి.

లోకమంతటా ఇదే తోవ

ఊరు మారినవాడు ముందుగా వంటనే నమ్ముకోవడం ఒక్క మన దగ్గరి ముచ్చట కాదు. ఇరాన్ నుంచి వచ్చినవారు హైదరాబాదులో చాయ్ హోటళ్ళు పెట్టారు. 1880, 1920 మధ్య 40 లక్షల మందికి పైగా ఇటలీవారు అమెరికా చేరారు. వారిలో ఎక్కువమంది దక్షిణ ఇటలీ పల్లెల పేదలే. న్యూయార్కులో లొంబార్డి అనే ఇటలీ వలసదారు 1905లో మొదలుపెట్టిన పిజ్జా దుకాణం చరిత్రకెక్కింది. మొదట పరాయి తిండి అని ముఖం తిప్పుకున్నవారే తర్వాత వరుసలో నిలబడ్డారు.

అయితే మనవారి కథలో ఒక తేడా ఉంది. ఇటలీవారు పరదేశంలో పరాయివారు. ఈ కుటుంబాలవారు బర్మాలో కోరంగీలు, సొంత గడ్డ మీద 'బర్మావాళ్ళు'. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా, మొక్కేది సింహాద్రి అప్పన్నకైనా ఆ పిలుపు మాత్రం వదలలేదు. అయితే ఒకప్పుడు వేరుచేసి చూపిన ఆ పేరే నేడు రుచికి గుర్తుగా మారి గిరాకీ తెస్తోంది.

చెప్పేవారుండగానే

1989లో బర్మా పేరు మయన్మార్‌గా మారింది. ఇక్కడ మాత్రం పాత పేరే నిలిచింది. 1964లో పదేళ్ళ వయసులో ఓడ ఎక్కినవారు ఇప్పుడు డెబ్బై దాటారు. ఓడలో ఎన్నాళ్ళున్నారో, ఏమి తెచ్చారో, ఏమి వదిలారో చెప్పగలిగేది వారే. వంట పిల్లలకు అబ్బింది గాని, ఈ కథలు కాగితం మీదకు ఎక్కింది తక్కువ. జిల్లాలోని కళాశాలల విద్యార్థులు ఒక పుస్తకం, కలం పట్టుకుని ఆ పెద్దల దగ్గర కూర్చుంటే చాలు. రంగం వెళ్ళి తిరిగిరాని వారి వివరాలు కూడా ఆ నోళ్ళ నుంచే దొరకవచ్చు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అటువంటి ఒక్క పేరైనా తలచుకోని పాత కుటుంబాలు తక్కువ.