కాఠిన్యం – మార్దవం: ఇంటి సబ్బు తయారీ

ఉద్దేశం: నిత్యం వాడే వస్తువు వెనుక ఉన్న శాస్త్రాన్ని, కొలతలోని క్రమశిక్షణను, ఓర్పు విలువను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

సబ్బు వాడుకలోకి రాకముందు కూడా తెలుగువారి ఇళ్లలో శుభ్రతకు లోటు లేదు. తలంటుకు కుంకుడుకాయ, శీకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చౌడు ఉండేవి. కుంకుడు రసం నురుగునిస్తుంది కాని అది సబ్బు కాదు. ఆ కాయలో సహజంగా ఉండే సపోనిన్లు అనే పదార్థాలే ఆ నురుగుకు కారణం. సబ్బు చెట్టుకు కాసేది కాదు. నూనె గాని, కొవ్వు గాని క్షారంతో కలిసి రసాయనికంగా మారినప్పుడే అది ఏర్పడుతుంది. ఈ చర్యను సపోనిఫికేషన్ అంటారు. ఇందులో సబ్బుతోపాటు గ్లిజరిన్ కూడా పుడుతుంది. చర్మానికి తేమనిచ్చే ఈ గ్లిజరిన్‌ను పెద్ద కర్మాగారాలలో చాలావరకు వేరు చేస్తారు. ఇంట్లో చేసిన సబ్బులో అది అలాగే నిలిచి ఉంటుంది. కొవ్వుల నిర్మాణాన్ని పరిశీలించి ఈ చర్యలోని మర్మాన్ని వెల్లడించిన ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రేల్ తన గ్రంథాన్ని 1823లో ప్రకటించాడు.

పూర్వం కొన్ని దేశాలలో కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి, ఆ తేటతో సబ్బు వండేవారు. బూడిదలోని క్షారం పొటాషియంకు చెందినది కనుక ఆ సబ్బు మెత్తగా ఉండేది. గట్టి బిళ్ల కావాలంటే సోడియం క్షారం, అనగా కాస్టిక్ సోడా, అవసరం.

మంచి ఒంటిసబ్బుకు రెండు గుణాలు ఉండాలి. అది నీటికి త్వరగా కరిగిపోరాదు, చర్మాన్ని పొడిబార్చరాదు. ఈ రెండు గుణాలూ ఒకే నూనెలో కలిసి దొరకడం అరుదు. కొబ్బరినూనెలో సుమారు సగభాగం లారిక్ ఆమ్లం ఉంటుంది. దానితో చేసిన సబ్బు గట్టిగా ఉండి, విరివిగా నురుగునిస్తుంది. అయితే చర్మంపై ఉండవలసిన సహజమైన జిడ్డును కూడా తొలగిస్తుంది. పామాయిల్‌లోని పామిటిక్ ఆమ్లం బిళ్లకు మన్నికనిస్తుంది. ఆలివ్ నూనెలోని ఓలిక్ ఆమ్లం చర్మానికి హితమైనది. కాని దాని సబ్బు మొదట మెత్తగా ఉండి, నెలలు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఆముదం కొద్దిగా చేరిస్తే నురుగు నిలుస్తుంది. ఎక్కువైతే బిళ్ల జిగటవుతుంది. కనుక సబ్బు తయారీ అంటే ఈ నూనెలను తగిన పాళ్లలో పొందుపరచడమే.

ఉదాహరణకు ఒక కిలో నూనెల మిశ్రమాన్ని తీసుకోవచ్చు: కొబ్బరినూనె 300 గ్రాములు, పామాయిల్ 350 గ్రాములు, ఆలివ్ నూనె 300 గ్రాములు, ఆముదం 50 గ్రాములు. ఈ నూనెలు పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 150 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అయితే 142 గ్రాములే వాడాలి. ఇలా సుమారు 5 శాతం తగ్గించడం వల్ల కొంత నూనె మారకుండా మిగిలి, చర్మానికి మృదుత్వాన్నిస్తుంది. క్షారం ఏ మాత్రం మిగిలినా అది చర్మానికి హాని కనుక ఈ తగ్గింపు రక్షణ కూడా. అలాగని నూనెను మరీ ఎక్కువగా మిగల్చరాదు. అప్పుడు బిళ్ల మెత్తబడి, కొన్నాళ్లకు ముక్కిపోతుంది. నీరు 284 గ్రాములు చాలు. ఆ నీటిలో ముందుగా 10 గ్రాముల ఉప్పు కరిగిస్తే బిళ్ల త్వరగా గట్టిపడుతుంది. ప్రతి నూనెకూ కావలసిన క్షారం వేరు. నూనె మారిస్తే లెక్క కూడా మారాలి. కొలతలన్నీ త్రాసుతో తూచవలసినవే; గ్లాసులతో, చెంచాలతో కొలవరాదు.

కాస్టిక్ సోడా చర్మాన్ని కాల్చివేస్తుంది. కంటిలో పడితే చూపు పోవచ్చు. కనుక పెద్దల సమక్షంలోనే, గాలి ధారాళంగా వచ్చే చోట, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి ఈ పని చేయాలి. పసిపిల్లలను దరిచేరనీయరాదు. అల్యూమినియం పాత్రలతో క్షారం చర్య జరుపుతుంది కాబట్టి స్టీలు పాత్రలే వాడాలి. నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయాలే తప్ప, సోడాపై నీరు పోయరాదు. అలా పోస్తే అది ఒక్కసారిగా పొంగి మీద చిందుతుంది. ఒకవేళ ఒంటిమీద చిందితే వెంటనే ధారగా పారే నీటితో చాలాసేపు కడిగి, వైద్యుని వద్దకు వెళ్లాలి.

సోడా కలిపిన నీరు తనంతట తానే బాగా వేడెక్కుతుంది. నూనెలు, ఈ ద్రావణం రెండూ సుమారు 40 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చాక, ద్రావణాన్ని నూనెలో సన్నని ధారగా పోస్తూ కలపాలి. మిశ్రమం చిక్కబడి, గరిటెతో పైన గీసిన గీత క్షణకాలం నిలిచినప్పుడు అచ్చులో పోయాలి. ఒకటి రెండు రోజుల తరువాత, తొడుగులు తీయకుండానే, బిళ్లలుగా కోయాలి.

అంతటితో పని పూర్తి కాదు. బిళ్లలను నీడలో, గాలి తగిలేలా ఎడంగా పేర్చి 4 నుండి 6 వారాలు ఆరనివ్వాలి. ఈ కాలంలో నీరు ఆవిరై బిళ్ల బిగుసుకుంటుంది. నురుగు కూడా మెరుగవుతుంది. తొందరపడి వాడిన బిళ్ల నాలుగు రోజులలో కరిగిపోతుంది. సిరియాలోని అలెప్పో నగరంలో ఆలివ్, లారెల్ నూనెలతో చేసే సబ్బును నెలల తరబడి ఆరబెడతారు. తరతరాలుగా సాగుతున్న ఆ విద్యను 2024లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఎంత శ్రద్ధగా చేసినా సబ్బు క్షార స్వభావం గలదే. చర్మం స్వల్పంగా ఆమ్ల స్వభావం గలది. కనుక ఇంటి సబ్బును చర్మవ్యాధులకు ఔషధంగా భావించరాదు. సరైన పాళ్లు, జాగ్రత్త, నిరీక్షణ – ఈ మూడూ కలిసినప్పుడే కాఠిన్యం, మార్దవం ఒకే బిళ్లలో ఇముడుతాయి.

ప్రశ్నలు
1. కుంకుడు రసానికి, సబ్బుకు గల భేదమేమి?
2. కాస్టిక్ సోడాను లెక్కకన్నా కొంత తగ్గించి వాడడానికి కారణాలు వివరించండి.
3. సబ్బు తయారీలో పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.